నరము కాదు, కండరము

శ్రీముఖలింగమున వంశధార యొడ్డున బంతి తన్నుచున్న కుర్రవాడు పరుగునడుమ తొడవెనుక చేయి వైచుకొని కూలబడును. “నరము పట్టినది” అందుము. నూనె రాచి మరునాడే మరల పరుగెత్తింతుము. పట్టినది నరము కాదు, చిరిగినది కండరము. పిక్కకు చక్కని పేరున్న మన వాడుకలో దీనికి పేరే లేకపోవుట, తెలుగు చెప్పుకొని బ్రతుకు నాకు చిన్నతనముగ నున్నది.

నా శిష్యుడొకడు నొప్పియని మొఱపెట్టగా పిరికివాడని గద్దించి ఆడించిరి. ఆ యేడు వాడు మరల బంతి ముట్టలేదు. ఒకమారు చిరిగినచోట మరల చిరుగుట సులభమని గద్దించినవారికి తెలియదు.

వడిగా పరుగెత్తునపుడు, ముందునకు సాచిన కాలు నేల తాకబోవుక్షణమున, ఈ కండరము సాగుచునే కాలి వేగమును నిలువరింపవలెను. చిరుగుట తరచుగ నప్పుడే. కావుననే సెలవులలో విశ్రమించి వచ్చినవానిని, వృత్తిగా ఆడు మొనగాడైనను సరే, శిక్షణశిబిరమున తొలినాడే పూర్తివేగమున పరుగెత్తింపరాదు.

సాగుచు భరించుటయే దాని పని కనుక ఆ పనినే దానికి నేర్పవలెను. మోకాళ్లపై నిలిచి, చెలికాడు చీలమండలు అదిమిపట్టగా, నడుము వంపక మెల్లగ ముందునకు ఒరుగుచు, పడకుండ ఆపుకొనవలెను. 2011లో వెలువడిన డెన్మార్కు పరిశోధనమున 942 మంది ఫుట్‌బాల్ ఆటగాండ్రు రెండు పక్షములై పాల్గొనిరి. ఇట్లు పది వారములు సాధన చేసిన పక్షమున ఈ గాయములు 15, చేయని పక్షమున 52. తొలివారము ఒక్కనాడు, ఐదేసిమారులు రెండు విడతలు మాత్రమే. పిదప క్రమముగ వారమునకు మూడు దినములు.

1962లో జకార్తా ఆసియా క్రీడలలో మన జట్టుకు స్వర్ణము గెలిపించిన శిక్షకుడు, హైదరాబాదు సయ్యద్ అబ్దుల్ రహీముగారు, బడిపంతులే. మన బడులలో దీనికి పరికరములు కొననక్కరలేదు. మోకాళ్లక్రింద వంశధార యిసుకయో, మడిచిన గోనెసంచియో చాలును.