డబ్బాలో ఉన్నది మన పాలే



మా వార్డులలో మంచాల పక్కన ఉండే చిన్న బల్లలను చూస్తే కాలం ఎలా మారిందో తెలుస్తుంది. ఒకప్పుడు రోగిని చూడవచ్చిన వారు బ్రెడ్డు, బత్తాయిలు తెచ్చేవారు. తరువాత హార్లిక్స్ సీసాలు వచ్చాయి. ఇప్పుడు పెద్ద ప్లాస్టిక్ డబ్బాలు కనబడుతున్నాయి. పైన కండలు తిరిగిన మనిషి బొమ్మ, దాని కింద 'వే ప్రొటీన్' అనే పేరు. ఆపరేషన్ అయిన వారికీ, బాలింతకూ, క్షయ మందులు వాడుతున్న వారికీ, పోలీసు ఉద్యోగానికి పరుగు సాధన చేసే కుర్రవాడికీ అందరికీ అదే డబ్బా.

లింగాల ఘనపూర్ మండలంలోని ఒక పల్లె నుండి ఒక తల్లి తన కుమారుని మా వద్దకు తీసుకొని వచ్చింది. అబ్బాయికి క్షయ, బాగా చిక్కిపోయాడు. బలానికి మంచిదని ఎవరో చెబితే, మహిళా సంఘంలో తీసుకున్న అప్పు నుండి 2,600 రూపాయలు పెట్టి కిలో డబ్బా కొన్నది. ఇంట్లో పాడి ఉందా అని మా సిస్టరు అడిగింది. "రెండు బర్రెలున్నయి సిస్టరమ్మా. పొద్దుగాలవి, మాపటివి కేంద్రంల పోస్తం. ఇంట్ల చాయకు మందం ఉంచుకుంటం" అని ఆమె జవాబు. ఆ మాట విన్నాక మేము చాలాసేపు ఆలోచించాము. ఆ డబ్బాలో ఉన్నది పాలలోని మాంసకృత్తులే. ఆమె పాలు అమ్మి, ఆ పాలలోని ఒక భాగాన్ని అప్పు చేసి తిరిగి కొన్నది. ఈ సంచికలో ఈ విషయమే మీతో మాట్లాడాలని అనుకుంటున్నాము.

'వే' అంటే ఏమిటి?

పాలు విరిగినప్పుడు (మన వైపు పలిగినయి అంటారు) తెల్లని ముద్ద ఒకవైపు, లేత పసుపు పచ్చని నీళ్లు ఒకవైపు విడిపోతాయి. ఆ నీళ్లనే ఇంగ్లీషువారు వే అంటారు. మనం విరుగుడు తేట అనుకోవచ్చు. ఆవు పాలలోని మాంసకృత్తులను నూరు పాళ్లు అనుకుంటే అందులో సుమారు 80 పాళ్లు కేసిన్ అనే రకం, సుమారు 20 పాళ్లు ఈ తేటలో కరిగి ఉండే రకం.

పాశ్చాత్య దేశాలలో చీజ్ తయారు చేసే ఫ్యాక్టరీలలో 10 లీటర్ల పాలకు ఒక కిలో చీజ్ వస్తే, మిగిలిన 9 లీటర్ల వరకు ఈ తేటే. చాలాకాలం దానిని పందులకు పోసేవారు, కాలువలలో వదిలేవారు. కాలువలలో వదిలితే నీటిలోని ప్రాణవాయువు తగ్గి చేపలు చచ్చేవి. 1970ల నుండి సన్నని పొరల గుండా తేటను వడపోసి, అందులోని మాంసకృత్తులను వేరు చేసి, ఎండబెట్టి పొడిగా అమ్మడం పెరిగింది. పారబోసిన నీళ్లు ఆ విధంగా ఖరీదైన సరుకు అయ్యాయి.

ఆ పొడిలో మంచి గుణాలు లేవని మేము అనడం లేదు. మన శరీరం తనంతట తాను తయారు చేసుకోలేని అమైనో ఆమ్లాలు తొమ్మిదీ అందులో ఉన్నాయి. త్వరగా అరుగుతుంది. కండరాలు పెరగడానికి తోడ్పడే లూసిన్ అనే అమైనో ఆమ్లం అందులో ఎక్కువ. కాబట్టి వే మంచిదా అని అడిగితే మంచిదే అని చెబుతాము. అయితే అది డబ్బాలో మాత్రమే దొరుకుతుందా అన్నదే అసలు ప్రశ్న.

మన ఇంట్లోనే ఉన్న వే

మన పల్లెల్లో బర్రె ఈనితే ఇరుగుపొరుగుకు జున్ను పంచుతారు. మామూలు పాలు కాచితే గడ్డకట్టవు. జున్నుపాలు మాత్రం పులుపు వేయకుండానే వేడికి గడ్డకడతాయి. ఎందుకంటే ఆ మొదటి పాలలో తేటకు చెందిన మాంసకృత్తులు విపరీతంగా ఉంటాయి, అవి వేడికి గట్టిపడతాయి. దూడకు రోగాలు రాకుండా కాపాడేవి కూడా వాటిలోనే ఉన్నాయి.

తల్లిపాలు ఇంకా గొప్పవి. ఆవు పాలలో కేసిన్ ఎక్కువైతే, తల్లిపాలలో వే రకమే ఎక్కువ, సుమారు 60 పాళ్లు. కాన్పు అయిన తొలి రోజులలో వచ్చే ముర్రుపాలలో అంతకన్నా ఎక్కువ. ఆ పాలను మురికి పాలని పిండి పారబోసే ఇళ్లు ఇంకా ఉన్నాయి. అదే ఇంటివారు బాలింత కోసం డబ్బా కొని తేవడం మేము చూశాము. పెద్దలకు మా మనవి ఏమిటంటే, బిడ్డ పుట్టిన గంటలోపే ముర్రుపాలు పట్టించండి. ఆరు నెలలు నిండే వరకు తల్లిపాలు తప్ప మరేమీ ఇవ్వవద్దు. దానికి సాటి వచ్చే డబ్బా ఏదీ లేదు.

ఇక రోజూ తినే పెరుగు సంగతి. మనం పాలు కాచి తోడు వేస్తాము. బాగా కాగినప్పుడు తేటలోని మాంసకృత్తులు కేసిన్‌కు అతుక్కుంటాయి. అందువలన పెరుగులో రెండు రకాలూ ఉంటాయి. పెరుగన్నం తినే ప్రతి ఒక్కరూ తెలియకుండానే వే ప్రొటీన్ తింటున్నారు.

ఈ కారణం వల్లనే ఇంట్లో విరిగిన పాల నీళ్లలో మాంసకృత్తులు స్వల్పంగానే మిగులుతాయి. చాలావరకు ముద్దలోనే ఉండిపోతాయి. కనుక ముద్దను తినండి. శుభ్రమైన పాలను నిమ్మరసంతో విరిచినప్పుడు మిగిలిన నీళ్లను పారబోయక చపాతీ పిండి కలపడానికో, పప్పులోనో వాడండి. వాటిలో కొంత కాల్షియం, బి విటమిన్లు ఉన్నాయి. అయితే ఆ నీళ్లు తాగితే డబ్బాతో సమానమని మాత్రం అనుకోవద్దు. నిలువ ఉండి చెడిపోయి విరిగిన పాలను ఎవరూ వాడవద్దు.

లెక్క వేసి చూద్దాం

ఆ తల్లి కొన్న డబ్బాలో 30 కొలతలు ఉన్నాయి. ఒక్కో కొలతలో 24 గ్రాముల మాంసకృత్తులు ఉన్నాయని పైన రాశారు. అంటే మొత్తం 720 గ్రాములు. గుడ్డు 7 రూపాయలు అనుకుంటే అదే 2,600 రూపాయలకు సుమారు 370 గుడ్లు వస్తాయి. గుడ్డుకు 6 గ్రాముల చొప్పున 2,200 గ్రాములకు పైనే. మూడంతలు! కందిపప్పు కొంటే ఇంకా ఎక్కువ వస్తుంది.

మనకు రోజుకు ఎంత కావాలి? హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2020లో ఇచ్చిన లెక్క ప్రకారం ఆరోగ్యవంతులైన పెద్దలకు కిలో శరీర బరువుకు 0.83 గ్రాము. 60 కిలోల మనిషికి సుమారు 50 గ్రాములు. గర్భిణికి చివరి మూడు నెలలలో దానికి మరో 22 గ్రాములు కలపాలి. ఇప్పుడు మన పళ్లెం చూడండి. రెండు గుడ్లకు 12, రెండు గ్లాసుల పాలకు లేక పెరుగుకు 13, గుప్పెడు పల్లీలకు 7, రెండు పూటలకు కలిపి 60 గ్రాముల పప్పుకు 13, అన్నం వల్ల మరో 20. మొత్తం 65 గ్రాములు అయింది. అన్నంలో తక్కువైన అమైనో ఆమ్లాన్ని పప్పు పూరిస్తుంది, పప్పులో తక్కువైన దానిని అన్నం పూరిస్తుంది. పప్పు, అన్నం, పెరుగు కలిపి తినే మన భోజనం వెనుక ఇంత అర్థం ఉంది.

మన చిక్కు ఎక్కడంటే, చాలా ఇళ్లలో పళ్లెం నిండా అన్నం, మూలకు ఇంత పచ్చడి లేదా పలుచని చారు. పప్పు వారానికి రెండుసార్లు, గుడ్డు ఆదివారం, పాలు కేంద్రానికి. లోపం నిజంగా ఉంది. ఆ లోపాన్ని చూపించే డబ్బా అమ్ముతున్నారు. లోపాన్ని పూడ్చవలసింది మాత్రం పళ్లెంలోనే.

క్షయ విషయంలో దీనికి గట్టి రుజువు ఉంది. జార్ఖండ్ రాష్ట్రంలో క్షయ రోగుల ఇళ్లలో ఉండే 10,000 మందికి పైగా జనాన్ని పరిశీలించిన అధ్యయనం ఫలితాలు 2023లో వెలువడ్డాయి. కొన్ని ఇళ్లలోని వారికి తలకు నెలకు 5 కిలోల బియ్యం, ఒకటిన్నర కిలోల పప్పు, విటమిన్ మాత్రలు ఇచ్చారు. మిగిలిన ఇళ్లతో పోలిస్తే అటువంటి ఇళ్లలో కొత్తగా క్షయ రావడం 39 శాతం తగ్గింది. బియ్యమూ పప్పే ఆ పని చేశాయి. క్షయ రోగి ఆహారం కోసం ప్రభుత్వం 2018 నుండి నెలకు 500 రూపాయలు ఇచ్చింది, 2024 నవంబరు నుండి 1,000 రూపాయలు చేసింది. ఆ సొమ్ము గుడ్లకు, పప్పుకు, పాలకు ఖర్చు కావాలని మా కోరిక.

డబ్బా ఎవరికి? ఎవరికి వద్దు?

మేము డబ్బాకు విరోధులము కాము. పెద్ద ఆపరేషన్లు, కాలిన గాయాలు అయిన వారికి, గొట్టం ద్వారా ఆహారం తీసుకునే వారికి, నోటితో నమలలేని వృద్ధులకు, క్యాన్సరు చికిత్సలో తిండి సహించని వారికి, డయాలసిస్ జరుగుతున్న కొందరికి మేమే రాసి ఇస్తాము. ఎంత, ఎన్నాళ్లు అన్నది వైద్యుడు నిర్ణయిస్తాడు.

కిడ్నీలు దెబ్బతిని ఇంకా డయాలసిస్‌కు రాని వారికి మాంసకృత్తులు ఎక్కువైతే హాని. మన పల్లెల్లో షుగరు, బీపీ ఉండి కిడ్నీల సంగతి తెలియని వారు ఎందరో ఉన్నారు. కాళ్లు వాచాయి, ఒంట్లో ప్రొటీన్ తగ్గింది అని విని డబ్బా కొనే ముందు మూత్రము, రక్తము పరీక్ష చేయించుకోండి. మూత్రంలో మాంసకృత్తులు పోతున్న రోగికి డబ్బా తాగించినంత మాత్రాన రోగం కుదరదు. పాలు సరిపడని వారికి చాలా డబ్బాల వల్ల కడుపు ఉబ్బరం, విరేచనాలు రావచ్చు. చంటిపిల్లలకు అసలు ఇవ్వరాదు.

యువకులకు ఒక మాట. జాతీయ పోషకాహార సంస్థ 2024 మే నెలలో విడుదల చేసిన ఆహార సూత్రాలలో, కండలు పెంచుకోవడానికి ప్రొటీన్ పొడులు వాడవద్దని సలహా ఇచ్చింది. అదే సంవత్సరం కేరళ వైద్యులు 36 రకాల ప్రొటీన్ పొడులను పరీక్షిస్తే 25 రకాలలో పైన రాసినదానికీ లోపల ఉన్నదానికీ పొంతన లేదు. పరుగుకు కావలసినది ముందు కడుపు నిండా అన్నం, తరువాత గుడ్డు, పప్పు, నిద్ర. గుడ్డును పచ్చిగా తాగవద్దు, ఉడికించి తినండి. పచ్చిగా తాగితే సరిగా అరగదు, రోగాలు కూడా రావచ్చు.

మా మనవి

పాడి ఉన్న ప్రతి ఇంటివారూ పాలు కేంద్రానికి పోసే ముందు ఇంట్లో ఉన్న పిల్లలకు, గర్భిణికి, రోగికి తలా ఒక గ్లాసు పక్కన పెట్టండి. మిగిలినవే అమ్మండి. పాల బిల్లు కొంత తగ్గుతుందని మాకు తెలుసు. ఆ బిల్లు మీద బడి ఫీజులు, దాణా ఖర్చు ఆధారపడి ఉన్నాయని కూడా తెలుసు. కానీ 2,600 రూపాయల అప్పు కన్నా, వడ్డీ కన్నా ఆ గ్లాసు చౌక. గర్భిణులు, బాలింతలు అంగన్‌వాడీకి వెళ్లడానికి సిగ్గుపడవద్దు. ఆరోగ్యలక్ష్మి పథకం 2015 జనవరి 1న మొదలైంది. ఆ పథకం కింద పెట్టే భోజనంలో గుడ్డు, 200 మిల్లీలీటర్ల పాలు చేర్చారు. అది మీ కోసం ఉద్దేశించినదే.

సంఘ కుటుంబాలకు కూడా ఒక మాట. రోగులను పరామర్శించడానికి మీరు వట్టి చేతులతో రారు. అది మన మర్యాద. ఈసారి వచ్చేటప్పుడు డబ్బాకు బదులు డజను గుడ్లో, కిలో పప్పో, ఉడికించిన పల్లీలో తీసుకొని రండి. చవకగా ఉందని చిన్నబుచ్చుకోకండి. రోగికి ఏది సరిపడుతుందో మా సిస్టరును అడిగి ఇవ్వండి.

ఆ తల్లికి మేము డబ్బా పారేయమని చెప్పలేదు. కొన్నదానిని కొలత ప్రకారం అయ్యేదాకా వాడమన్నాము, మళ్లీ కొనవద్దన్నాము. మాపటి పాలలో అర లీటరు ఇంట్లో ఉంచుతానని ఒప్పుకుంది. తరువాత నెలలో అబ్బాయిని తూకం వేస్తే బరువు పెరిగాడు. ముందు మందుల బలము, దానికి తోడు తిండి బలము. "ఈసారి డబ్బా తేలేదమ్మా, గుడ్లు పెడుతున్న" అని చెప్పి నవ్వింది. ఇప్పుడు ఆమెకు తీర్చవలసింది పాత అప్పు ఒక్కటే.