కుదించిన ధ్వనిపై నిష్కారణ నింద

గృహమునందే చిత్రశాలను నిర్మించుకొనవలెనను కోరిక మధ్యతరగతి కుటుంబములలోనికిని ప్రవేశించిన ఈ దినములలో, హైదరాబాదు దుకాణములలోనేమి, అమెరికాలో ఇంటి బేస్‌మెంటును హోమ్ థియేటరుగా మార్చుకొను తెలుగువారి గోష్ఠులలోనేమి, ఒక మాట సిద్ధాంతమువలె చెలామణి యగుచున్నది: కుదింపని పీసీఎమ్ ధ్వనియే ఉత్తమోత్తమమనియు, డాల్బీ ట్రూహెచ్‌డీ, డీటీఎస్-హెచ్‌డీ మాస్టర్ ఆడియో వంటి లాస్‌లెస్ (నష్టములేని) పద్ధతులు ఎంత గొప్పవైనను కుదించినవే గనుక దానికి ఒక మెట్టు తక్కువేననియు. ఈ అభిప్రాయమునకు పునాదియే లేదు. దీనిని నమ్మి ధనమును శ్రమను తప్పుదారిలో వెచ్చించువారు అనేకులుండుటచేత దీనిని ఖండింపక తప్పదు.

భ్రమ పుట్టుటకు చారిత్రక కారణమొకటి కలదు. డీవీడీల ద్వారా మన ఇండ్లకు వచ్చిన డాల్బీ డిజిటల్ ఆరు చానళ్ల ధ్వనిని సెకనుకు 448 వేల బిట్లకు మించకుండ ఇమిడ్చెడిది. చెవికి అందదని తలచిన అంశములను అది నిజముగానే విడిచివేసెడిది. విడిచినదానిని ఏ యంత్రమును తిరిగి తేజాలదు. 2006లో బ్లూ-రే అవతరించినపుడు కొన్ని స్టూడియోలు తొలినాటి డిస్కులపై పీసీఎమ్‌ను యథాతథముగా ముద్రించినవి. 24 బిట్ల నమూనాలను సెకనుకు 48,000 చొప్పున ఆరు చానళ్లకు లెక్కకట్టినచో సెకనుకు 69,12,000 బిట్లగును. డీవీడీ ధ్వనికి అలవాటుపడిన శ్రోతలు దీనిని విని పరవశించుటలో వింతలేదు. వారు పోల్చినది నష్టము గల పద్ధతితో. ఆ తీర్పునే నష్టములేని పద్ధతికిని అంటగట్టుట తరువాతివారు చేసిన అన్యాయము.

నష్టములేని కుదింపు ఎట్లు జరుగునో దగ్గరగా చూతము. ధ్వనితరంగము క్రమముగా మారునది. వెనుకటి నమూనాలనుబట్టి రాబోవు నమూనాను చాలవరకు ఊహింపవచ్చును. వరుసగా 1000, 1010, 1020, 1031 అను విలువలు వచ్చినవనుకొందము. కడపటి రెండింటి భేదమును మరల కూడుటయే ఊహకు నియమమైనచో మూడవ విలువ 1020 అని తేలును, అది సరిపోయినది. నాలుగవది 1030 అని తేలును. అసలు విలువ 1031, తేడా ఒకటి. 1031ని వ్రాయుటకు బదులు ఆ ఒకటినే వ్రాసిన చాలును. విప్పు యంత్రము అదే నియమముతో 1030ని తానే లెక్కించుకొని, దానికి ఒకటి చేర్చి 1031ని పొందును. ఇంచుమించు 1031 కాదు, 1031నే. వాస్తవములో వాడు నియమములు ఇంతకన్న జటిలములు గాని తత్త్వమిదియే. మెరీడియన్ సంస్థవారి ఎమ్ఎల్‌పీ మొదట డీవీడీ-ఆడియోలో వాడబడి, పిదప ట్రూహెచ్‌డీకి మూలమైనది. అది చానళ్ల మధ్యగల పోలికలనుగూడ వాడుకొనును. డీటీఎస్ వారి పద్ధతి వేరు: పాత రిసీవర్లకు పనికివచ్చు నష్టసహితమైన భాగమును ముందుంచి, దానికిని అసలుకును గల వ్యత్యాసమునంతను వెంటజేర్చును, రెండును కలిసినపుడు అసలు సంపూర్ణముగా సిద్ధించును. పాణినీయ వ్యాకరణమునను ఇట్టి కుదింపే కలదు: 'అచ్' అను ప్రత్యాహారము స్వరములన్నింటిని తెచ్చును. అందువలన ఏ స్వరమైనను లోపించెనని పలికిన వైయాకరణుడు లేడు.

నమ్మజాలనివారికి పరీక్షయు సులభమే. పీసీఎమ్ ఫైలునొకదానిని ఫ్లాక్ అను లాస్‌లెస్ పద్ధతిలో కుదించి, మరల విప్పి, అసలులోనుండి దానిని తీసివేసినచో ఆద్యంతము సున్నయే మిగులును.

"లెక్కలెట్లున్నను మా చెవులకు తేడా స్పష్టముగా వినబడుచున్నది" అని ప్రతిపక్షులందురు. వారు అబద్ధమాడుచున్నారని నేననను. తేడా వినబడుట నిజమే కావచ్చును. కారణము మాత్రము వేరు. డాల్బీ ట్రాకులలో సంభాషణ స్థాయిని తెలుపు సూచిక యొకటి, డైలాగ్ నార్మలైజేషన్ అనునది, ధ్వనితోపాటు ప్రయాణించును. చిత్రములకు తరచుగా వాడు విలువ −27. దానిని చదివిన రిసీవరు ధ్వనిని −31 స్థాయికి తెచ్చుటకు మొత్తము ట్రాకును 4 డెసిబెల్లులు తగ్గించును. పీసీఎమ్‌లో ఆ సూచిక లేదు గనుక అది పూర్తి బిగ్గరగా వచ్చును. వాల్యూము మీటను కదపకుండ ఒకదాని వెంట నొకటి వినినవారికి, బిగ్గరగా వచ్చినదే నిండుగాను, స్వచ్ఛముగాను, గంభీరముగాను తోచుట మానవ శ్రవణమునకు సహజగుణము. 4 డెసిబెల్లులు స్వల్పభేదము కాదు. ట్రూహెచ్‌డీ వినునపుడు మీటను ఆ మేరకు పెంచినచో వివాదమే నశించును. ఇక వేర్వేరు ముద్రణలను పోల్చువారి మాట చెప్పనే యక్కరలేదు: ఒక డిస్కునకు మిక్సింగు మరల జరిగియుండవచ్చును, ఆ తేడాను పద్ధతికి ఆపాదించుట తగదు.

విప్పు శ్రమచేత రిసీవరు అలసి కాలగతి చెదరుననువారును కలరు. విప్పిన నమూనాలును, విప్పనక్కరలేని నమూనాలును మొదట మెమరీలోనే నిలుచును. అచటినుండి వానిని తరంగముగా మార్చు చిప్పునకు పంపునది రెండు సందర్భములలోను ఒకే గడియారము.

ఈ మూఢభక్తికి మూల్యమును కలదు. మూడు గంటలు నడచు మన తెలుగు చిత్రమునకు పైన చెప్పిన పీసీఎమ్ ఒక్కటియే 9.3 గిగాబైట్లు మ్రింగును. రెండు పొరల బ్లూ-రే డిస్కులో ఉన్నది 50 మాత్రమే. లాస్‌లెస్ పద్ధతి ఆదా చేసిన చోటు చిత్రమునకు దక్కును, మరియొక భాషా ట్రాకునకు దక్కును.

అంతకన్న బాధాకరమైనది, నిజమైన నష్టమును ఎవరును గమనింపకుండుట. స్ట్రీమింగు సేవలలో అట్మాస్ ముద్రను చూచి మురియువారికి అందునది సాధారణముగా డాల్బీ డిజిటల్ ప్లస్, గరిష్ఠముగా సెకనుకు 768 వేల బిట్ల నష్టసహిత ధ్వని. డిస్కునుండి ట్రూహెచ్‌డీని ఆశించి ఆప్టికల్ తీగను తగిలించినవారికి చేరునది దాని తోడు ట్రాకైన డాల్బీ డిజిటల్ మాత్రమే. ఆ తీగ ఆరు చానళ్ల పీసీఎమ్‌నుగాని ట్రూహెచ్‌డీనిగాని మోయజాలదు, వానికి హెచ్‌డీఎమ్ఐ కావలెను. 24 బిట్ల 144 డెసిబెల్లుల విస్తృతిని గూర్చి వాదించువారి నెత్తిపైననే సీలింగు ఫ్యాను హోరెత్తుచుండును; గ్రానైటు నేలయు, నున్నని గోడలును ప్రతి మాటను తిరిగి విసరుచుండును. సంభాషణలు పలుకవలసిన సెంటర్ స్పీకరు టీవీ అలమారు అరలో, వెనుకకు నెట్టబడి, పుస్తకముల నడుమ మూలుగుచుండును. మాటలు తెలియుటలేదని ఆ యింటివారు కొత్త ప్లేయరు కొనవచ్చిరేని, అమ్మువాడు చేయవలసిన మొదటి ఉపకారము ఆ స్పీకరును అర అంచువరకు ముందునకు జరిపి, వినువారి ముఖమువైపు త్రిప్పి, నేలపై దళసరి తివాచీ పరచుమని చెప్పుట.