నాగా వాళ్ళది, కోత మనకా?



"ఈ నెల మేం పదైదు రోజులు వూళ్ళో లేం గదా ఆయమ్మా, సగం జీతమే పెట్టాను, చూసుకో." మార్కాపురంలో, కంభంలో, గిద్దలూరులో పిలకాయల్ని చూసుకునే పనికి పొయ్యే మన ఆడవాళ్ళలో ఈ మాట వినని మనిషి వుండదు. వాళ్ళు తిరపతికి పోతే మన జీతం కోత. వాళ్ళు పుట్టింటికి పోతే మన జీతం కోత. పాప వాళ్ళమ్మ సెలవు పెట్టి యింట్లో వుంటే "రేపు రావద్దులే" అంటారు, ఆ రోజూ కోతే. మరి మనకి జొరం వస్తే? అదీ కోతే. ఎటు తిప్పినా కత్తి మన మెడ మీదే.

యిదేం లెక్క అని అడిగామా? అడగలేదు. అడిగితే పని పోతుందని భయం. ఆ భయం మీదనే ఈ లెక్క నడుస్తా వుంది.

నాగా అంటే ఏందో మనకి వొకరు చెప్పక్కర్లేదు. మన తాతలు పాలేర్లు. వుగాదికి జీతం మాట్లాడుకుని ఏడాది పొడుగునా ఆసామి కింద పడివున్నోళ్ళు. పెళ్ళాం కాన్పయిందనో, తేలు కుట్టిందనో వొక రోజు పోకపోతే అది నాగా. ఏడాది చివర నాగాలన్నీ లెక్కబెట్టి గింజలు కోసేవాళ్ళు, లేదంటే నాగాకి వొక రోజు అదనంగా చాకిరీ చేయించుకునేవాళ్ళు. అది దుర్మార్గం. అయితే మా పల్లె పెద్దోళ్ళని అడిగితే వొక మాట చెప్పారు: ఆసామి పెళ్ళికని వూరికి పోతే పాలేరుకి నాగా పడేది కాదంట. కొట్టంకాడ వుండేవాడు, జీతం నడిచేది. యిప్పుడు చదువుకున్న దొరలు దాన్నీ మించిపోయారు. నాగా పెట్టేది వాళ్ళు. గీత పడేది మన పేరున.

లెక్క వేసి చూద్దాం. నెలకి 6,000 జీతం అనుకోండి. రోజుకి 200. ఎండాకాలం సెలవులు 45 రోజులు, దసరాకి 10, సంక్రాంతికి 8. మొత్తం 63 రోజులు. 12,600 రూపాయలు. అంటే ఏడాదిలో రెండు నెలల పైన జీతం గాల్లో కలిసింది. కోమటి కొట్లో బాకీకి సెలవుల్లేవు. డ్వాక్రా కంతుకి సెలవుల్లేవు. మన పిలకాయల కడుపుకి సెలవుల్లేవు. జీతానికే సెలవు!

మా పల్లె అక్క వొకామె సంగతి చెప్తాను. ఆమె పనిచేసే యింట్లో మొగుడూ పెళ్ళాం యిద్దరూ గవర్నమెంటు పంతుళ్ళు. బడి మూసెయ్యగానే "జూన్ లో రా, పాప నీకు అలవాటయింది, ఇంకెక్కడా కుదరొద్దు" అన్నారు. ఆ మాట మీద ఆమె హైదరాబాదు కట్టుబడి పనికి పొయ్యే తమ్ముడితో పోకుండా ఆగిపోయింది. నెలన్నర వొక్క రూపాయి లేదు. జూన్ లో పోయి అడిగింది: "మేడం, ఎండాకాలం మీ జీతం పడిందా?" "పడింది, అది గవర్నమెంటు రూలు" అంది ఆ పంతులమ్మ.

అదీ సంగతి! బడి మూసినా పంతులమ్మకి జీతం రూలు. యిల్లు మూస్తే ఆయాకి జీతం కోయడం రూలు. యిద్దరూ పిలకాయల్ని చూసుకునేవాళ్ళే. వొకరు బడిలో, వొకరు యింట్లో. ఆయా యింటికాడ బిడ్డని పట్టుకోకపోతే పంతులమ్మ బడికే పోలేదు. రూలు ఎందుకు రెండు రకాలయింది? వొకరి వెనక సంఘం వుంది, చట్టం వుంది. యింకొకరి వెనక ఎవరూ లేరు.

జీతంతో సెలవు అనేది దొరలు దయతో యిచ్చింది కాదు. మన దేశంలో దాన్ని చట్టంలోకి తెచ్చిన కాలంలో కార్మిక శాఖ ఎవరి చేతిలో వుందో తెలుసా? బాబాసాహెబ్ అంబేడ్కర్ చేతిలో. 1942 నుంచి 1946 దాకా ఆయన వైస్రాయ్ కౌన్సిల్ లో కార్మిక శాఖ సభ్యుడు. 1945 ఫ్యాక్టరీల సవరణ చట్టంతో, ఏడాది పనిచేసిన కార్మికుడికి జీతంతో 10 రోజుల సెలవు హక్కయింది. పనిచేసే మనిషికి విశ్రాంతి భిక్షం కాదు, హక్కు అనేదే అందులో సారం. ఆ హక్కు ఫ్యాక్టరీ గేటు దాకా వచ్చింది. యింటి గడప దాటి లోపలికి యింకా రాలేదు.

ఆ గడప లోపల వున్న కులాన్ని కూడా చెప్పాలి. బిడ్డకి ముద్ద కలిపి పెట్టడానికి మన చెయ్యి కావాలి. మనం నీళ్ళు తాగే గ్లాసు మాత్రం విడిగా కిటికీలో వుంటది. మన వొళ్ళో నిద్రపోతేనే బిడ్డకి నిద్ర. మనం మంచం మీద కూర్చుంటే తప్పు. విడి గ్లాసు పెట్టిన మనసే జీతమూ కోస్తా వుంది. "వీళ్ళకెందుకు సెలవు జీతం" అనే మాటకి అడుగున "వీళ్ళు" అనే మాటే వుంది.

యిక్కడ మన వాళ్ళకీ వొక మాట. రిజర్వేషన్ లో వుద్యోగం వచ్చి, గోడకి అంబేడ్కర్ పటం పెట్టుకుని, ఏప్రిల్ 14న దండలు వేసే మన వుద్యోగస్తుల యిళ్ళల్లో కూడా మన పల్లె అక్కలే ఆయాలు. అన్నా, మీరు సెలవుకి పోయినప్పుడు ఆమె జీతం కోస్తున్నారా లేదా? కోస్తుంటే పటం దించండి. లేదంటే కోత మానండి. రెండూ కుదరవు.

దొరలు వేసే ప్రశ్నలు రెండు వున్నాయి. మొదటిది: "పని చెయ్యకుండా జీతం ఎట్లా యిస్తాం?" మీరు నెల జీతానికి మాట్లాడుకున్నారు, రోజు కూలికి కాదు. రోజు కూలయితే పొద్దున వచ్చి, నచ్చితే వుంటాం, లేకపోతే మిరపకోతకి పోతాం. మీరు తిరిగొచ్చే రోజుకి మనిషి గుమ్మంలో సిద్ధంగా వుండాలంటున్నారు. ఆ సిద్ధంగా వుండడానికే జీతం.

రెండోది: "మేమూ చిన్న వుద్యోగస్తులమే, మాకు యాడనుంచి వస్తది?" యిందులో కొంత నిజముంది. ప్రైవేటు బడిలో చేసే పంతులమ్మకి ఎండాకాలం జీతమే వుండదు. పలకల ఫ్యాక్టరీకి పొయ్యే తల్లి, పొరుగింటి ముసలమ్మ కాడ బిడ్డని వదిలిపెట్టి రోజుకింత యిచ్చుకునే తల్లి, మన తల్లే. వాళ్ళనీ ఆఫీసర్లనీ వొకే గాటన కట్టం. సెలవుకి జీతం తీసుకునేవాడు సెలవుకి జీతం యివ్వాలి. సెలవుకి జీతం లేనివాడితో సగానికో, మరో రకంగానో కూర్చుని మాట్లాడుకుంటాం.

చట్టం ఏమంటుంది అని కార్యకర్తలు అడుగుతారు. యింటిపనిని కనీస వేతనాల జాబితాలో మన రాష్ట్రం 2007లో చేర్చింది. 2011 జూన్ లో జెనీవాలో అంతర్జాతీయ కార్మిక సంస్థ యింటిపనివాళ్ళ మీద 189వ వొడంబడిక చేసింది. వారానికి వొక పూర్తి రోజు విశ్రాంతి, జీతంతో సెలవులు ఎట్లా అనేది ముందే తేల్చుకోవడం అందులో వున్నాయి. భారత ప్రభుత్వం దాన్ని యింకా ధ్రువీకరించలేదు. 2025 జనవరిలో సుప్రీంకోర్టు యింటిపనివాళ్ళకి విడి చట్టం గురించి కమిటీ వేసి పరిశీలించమని కేంద్రానికి చెప్పింది. ప్రభుత్వమే బడి వంటక్కలకి 2009లో రాసిన లెక్కలో ఏడాదికి 10 నెలల జీతమే పెట్టిందంటే, వాళ్ళు మనకి ఏం నేర్పుతారు? చట్టం కోసం కూర్చుంటే మన మనవరాళ్ళు కూడా ఆయాలే అవుతారు.

యింగ్లండులో వూరోళ్ళ బిడ్డల్ని తమ యింట్లో పెట్టుకుని చూసే ఆడవాళ్ళు, బిడ్డని తీసుకోకముందే తల్లిదండ్రులతో కాగితం రాసుకుంటారు. వాళ్ళు సెలవుకి పోతే పూర్తి డబ్బా, సగమా, అసలు లేదా అని ముందే తేల్చుకుంటారు. తెల్లోళ్ళ తెలివేం కాదది. నోటి మాట ఎప్పుడూ బలమైనోడి మాటగానే మిగులుతుందని తెలిసినోళ్ళ పని.

మనం రాసుకోవాల్సిన కాగితం యిది:

1. వాళ్ళు వూరెళ్ళి మనల్ని రావద్దంటే ఆ రోజులకి పూర్తి జీతం.
2. ఎండాకాలం లాంటి పెద్ద సెలవులకి, ఎక్కడా కుదరొద్దు అంటే పూర్తి జీతం. వేరే పనికి పొమ్మంటే సగం జీతం, తిరిగి మనల్నే పెట్టుకుంటామనే మాట రాతలో.
3. మన జొరానికి, చావుకి, పండక్కి ఏడాదికి 12 రోజులు జీతంతో సెలవు. వారానికి వొక రోజు విడిగా.
4. వూరెళ్ళే సంగతి వారం ముందు చెప్పాలి.
5. మానిపించాలంటే నెల ముందు చెప్పాలి, లేదంటే నెల జీతం చేతిలో పెట్టాలి.
6. పాత చీర, పండగ మామూలు జీతంలో జమ కాదు.

కాగితం వొక్కతే తీసుకుపోతే చింపేస్తారు. వొక వీధిలో పనిచేసే పదిమంది కలిసి, వొకే రోజు, వొకే కాగితం పెట్టండి. అన్నిటికన్నా పెద్ద సంగతి: మాదిగ అక్కని మానిపించిన యింటికి మాల అక్క తక్కువ జీతానికి పోగూడదు. మాల అక్కని మానిపించిన యింటికి మాదిగ అక్క పోగూడదు. ఆ వొక్కటీ కుదిరితే తక్కినవన్నీ కుదురుతాయి. అంగన్‌వాడీ అక్కలు 2023 డిసెంబరు 12 నుంచి 2024 జనవరి 22 దాకా 42 రోజులు రోడ్డు మీద కూర్చున్నారు. ఎస్మా పెట్టినా లేవలేదు. ప్రభుత్వమే దిగొచ్చి మాట్లాడింది.

పశ్చిమ ప్రకాశం 2025 చివర్లో మార్కాపురం జిల్లా అయింది. కొత్త ఆఫీసులు, కొత్త ఆఫీసర్లు వస్తారు. వాళ్ళ పిలకాయలకి ఆయాలు కావాలి. రేటు మాట్లాడాల్సింది యిప్పుడే, పనిలో కుదిరేరోజే. కుదిరాక కాదు.

తాగే నీళ్ళు పాడుచెయ్యొద్దు అని అడిగినందుకు 1985లో కారంచేడులో మన వాళ్ళని చంపారు. అడగడం వాళ్ళకెప్పుడూ నేరమే. అయినా అడిగినోళ్ళ వల్లనే మనం యీ మాత్రం నిలబడ్డాం. అడుగుదాం.

నాగా ఎవరిదో కోత వాళ్ళదే!
జీతంతో సెలవు మన హక్కు!