సంతకానికి ముందు మంచాలు లెక్కపెట్టండి

ఇంటర్ ఫలితాలు వచ్చిన మర్నాటి నుంచే ఫోన్లు మొదలవుతాయి. ‘అమ్మాయికి బైపీసీలో ఎన్ని మార్కులొచ్చాయండీ? బెంగళూరులో బీఎస్సీ నర్సింగ్ సీట్లు నాలుగే మిగిలాయి. రేపటికల్లా అడ్వాన్స్ కట్టి ఒరిజినల్స్ పంపితే సీటు మీదే. హాజరు సంగతి మేం చూసుకుంటాం’. ఖమ్మమైనా, నంద్యాలైనా, పార్వతీపురమైనా కన్సల్టెన్సీ వాళ్ల మాటలు ఇంచుమించు ఇవే. అలాంటి ఫోను మీ ఇంటికీ వస్తే ఒక్క విషయంలో గట్టిగా ఉండండి. ఆ కాలేజీ పిల్లలు డ్యూటీ చేసే ఆసుపత్రిని కళ్లారా చూసేదాకా రూపాయి కట్టొద్దు. ఒక్క ఒరిజినల్ కూడా చేతికివ్వొద్దు.

చూడమంటున్నది కాలేజీని కాదు, ఆసుపత్రిని. అద్దాల భవనం, ఏసీ ల్యాబు, గోడ మీద ఫ్లోరెన్స్ నైటింగేల్ పటం ఎవరైనా ఏర్పాటు చేయగలరు. నర్సు తయారయ్యేది మాత్రం వార్డులోనే. ముసలివాళ్ల చేతుల్లో సెలైన్‌కు నరం దొరకబుచ్చుకోవడం, ఆపరేషన్ థియేటర్ నుంచి వచ్చిన మనిషి నాడి తేడాగా ఉంటే పసిగట్టడం, కాన్పు తర్వాత రక్తస్రావం ఆగడం లేదని అందరికంటే ముందు గుర్తుపట్టడం... ఇవన్నీ రోగి పక్కన నిలబడితేనే వస్తాయి. రోగులు లేని నర్సింగ్ కాలేజీ, చెరువు లేని ఊళ్లో ఈత నేర్పుతామన్నట్టే.

ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ (ఐఎన్‌సీ) నిబంధనలూ ఇదే చెబుతున్నాయి. బీఎస్సీ నర్సింగ్ నడపాలంటే కనీసం 100 పడకల మాతృ ఆసుపత్రి ఉండాలి. క్లినికల్స్‌కు వెళ్లే ప్రతి విద్యార్థికీ ముగ్గురు రోగుల చొప్పున లెక్క తేలాలి. థియరీలో 80 శాతం హాజరుంటే పరీక్షకు కూర్చోవచ్చుగానీ, డిగ్రీ చేతికందేలోగా క్లినికల్ డ్యూటీలు నూటికి నూరు శాతం పూర్తి చేయాల్సిందే. ‘కాలేజీకి రాకపోయినా ఫర్వాలేదు’ అని ఎవరైనా అన్నారంటే, ఆ నూరు శాతాన్నీ దొంగ సంతకాలతో నింపుతామని ఒప్పుకున్నట్టే. దాన్ని సౌకర్యం అనుకునే తల్లిదండ్రులు ఒక్కసారి ఆలోచించాలి. అలా చదివిన అమ్మాయిని రేపు ఏ ఐసీయూలోనో రాత్రి డ్యూటీకి ఒంటరిగా వదిలితే ఆమె గతేమిటి? ఆమె చేతిలో పడిన రోగి గతేమిటి?

ఇది గాల్లో అల్లిన భయం కాదు. మధ్యప్రదేశ్‌లో కాగితాల మీదే ఆసుపత్రులు, కాగితాల మీదే అధ్యాపకులు ఉన్న నర్సింగ్ కాలేజీల బాగోతం హైకోర్టుకెక్కింది. కోర్టు సీబీఐని తనిఖీకి పంపింది. తీరా 2024 మే నెలలో, కాలేజీలకు అనుకూలంగా నివేదికలు రాయడానికి లంచాలు తీసుకున్నారంటూ ఆ తనిఖీ బృందంలోని వారినే సీబీఐ అరెస్టు చేయాల్సివచ్చింది. అరవైకి పైగా కాలేజీలు పనికిరావని తేలింది. ఈ రభసలో నలిగింది విద్యార్థులే. 2020-21లో చేరినవాళ్లు మొదటి సంవత్సరం పరీక్షే ఏళ్ల తరబడి రాయలేకపోయారు. ఫీజులు కట్టింది వాళ్లు, వయసు పోగొట్టుకున్నదీ వాళ్లే. తెలుగు జిల్లాల్లో అలాంటి కాలేజీలు లేవని, ఏజెంట్లు మన పిల్లల్ని పంపే పొరుగు రాష్ట్రాల్లో లేవని ఎవరైనా హామీ ఇవ్వగలరా?

ఇంకో మోసం పేరులోనే ఉంటుంది. బస్టాండు పక్కన మేడ మీద ‘నర్సింగ్ ఇన్‌స్టిట్యూట్’ బోర్డు కనిపిస్తుంది. ఆరు నెలల హోమ్ నర్సింగ్, ఏడాది నర్సింగ్ అసిస్టెంట్ కోర్సులు చెబుతారు. వాటితో ఆయా పని, అటెండర్ పని దొరకవచ్చు, అది తప్పూ కాదు. కానీ ఆ సర్టిఫికెట్‌తో నర్సుగా రిజిస్ట్రేషన్ రాదు. ఇంటర్ తర్వాత నర్సు కావడానికి ప్రధాన దారులు మూడే. రెండేళ్ల ఏఎన్‌ఎం, మూడేళ్ల జీఎన్‌ఎం, నాలుగేళ్ల బీఎస్సీ నర్సింగ్. బీఎస్సీకి ఇంటర్లో ఫిజిక్స్, కెమిస్ట్రీ, బయాలజీ ఉండాలి. జీఎన్‌ఎం గానీ, బీఎస్సీ నర్సింగ్ గానీ దూరవిద్యలో లేవు. ఉన్నాయని చెప్పేవాళ్లతో మాట్లాడుతూ కాలం వృథా చేయకండి.

రిజిస్ట్రేషన్ లేని నర్సింగ్ చదువు ఎందుకూ కొరగాదు. తెలంగాణ ప్రభుత్వం 2024లో 2,050 నర్సింగ్ ఆఫీసర్ పోస్టులకు నోటిఫికేషన్ ఇచ్చినప్పుడు రాష్ట్ర నర్సింగ్ కౌన్సిల్‌లో పేరు నమోదు కావడం తప్పనిసరి అర్హత. పొరుగు రాష్ట్రంలో చదివి వస్తే అక్కడి కౌన్సిల్ నుంచి ఎన్‌ఓసీ, వెరిఫికేషన్ తెచ్చుకుంటే తప్ప ఇక్కడ పేరెక్కదు. కర్ణాటకలో నర్సింగ్ కాలేజీకి ఐఎన్‌సీ అనుమతి కావాలా, రాష్ట్ర కౌన్సిల్ గుర్తింపు చాలా అన్న వివాదం కోర్టులదాకా వెళ్లింది. కోర్టులో ఎవరు గెలిచినా మీకు కావలసింది ఒకటే. ఆ కాలేజీ పట్టా మన రాష్ట్ర కౌన్సిల్‌లో చెల్లుతుందా లేదా? చేరకముందే హైదరాబాద్‌లోనో, విజయవాడలోనో ఉన్న కౌన్సిల్ కార్యాలయాన్ని అడిగి తెలుసుకోండి. గల్ఫ్ కలలున్నవాళ్లు ఇంకా జాగ్రత్తగా ఉండాలి. అక్కడి లైసెన్సుకు ముందు డేటాఫ్లో అనే ధ్రువీకరణ సంస్థ వాళ్లు మీరు చదివిన కాలేజీకీ, కౌన్సిల్‌కూ నేరుగా రాసి రికార్డులు సరిచూసుకుంటారు. ఇక్కడ డబ్బుతో సర్దుకున్నది అక్కడ సర్దుకోదు.

సొంత ఆసుపత్రి ఉన్న కాలేజీ అయినంత మాత్రాన నిశ్చింతగా ఉండలేం. కొన్నిచోట్ల ఆసుపత్రి నిజమే, రోగులూ నిజమే, జీతమిచ్చి పెట్టుకున్న స్టాఫ్ నర్సులే ఉండరు. మొదటి సంవత్సరం పిల్లల చేతే వార్డులు నడిపిస్తారు. వరసగా నైట్ డ్యూటీలు వేస్తారు. పొద్దున క్లాసులో నిద్రపోతే తిట్టు, డ్యూటీ ఎగ్గొడితే జరిమానా. అది చదువు కాదు, చాకిరీ. తేడా కనిపెట్టడానికి ఒక్క ప్రశ్న చాలు: వార్డులో పిల్లల పక్కన నిలబడి నేర్పే ట్యూటర్ ఎవరు? పేరు చెప్పి మనిషిని చూపించగలిగితే అది కాలేజీ.

కాబట్టి సీటు ఒప్పుకునే ముందు ఈ పనులు చేయండి. రాష్ట్ర కౌన్సిల్ జాబితాలో, కాళోజీ లేదా ఎన్టీఆర్ ఆరోగ్య విశ్వవిద్యాలయం (పొరుగు రాష్ట్రమైతే అక్కడి విశ్వవిద్యాలయం) అనుబంధ కాలేజీల జాబితాలో ఈ ఏడాదికి ఆ కాలేజీ పేరుందా, ఎన్ని సీట్లకు అనుమతి ఉందో చూడండి. పాత ఏడాది ఉత్తర్వు చూపిస్తే నమ్మకండి. తర్వాత చెప్పాపెట్టకుండా ఆసుపత్రికి వెళ్లండి. ఓపీ సందడి తగ్గాక, మధ్యాహ్నం పూట, ఇన్‌పేషెంట్ వార్డుల్లో తిరగండి. ఎన్ని మంచాలున్నాయి, ఎన్నింటి మీద మనుషులున్నారు, లేబర్ రూము నడుస్తోందా, యూనిఫాంలో ఉన్న పిల్లలు ఏం చేస్తున్నారు? గేటు బయట టీ బండి దగ్గర సీనియర్లతో మాట్లాడండి. ప్రిన్సిపాల్ చెప్పని సంగతులు మూడో సంవత్సరం అమ్మాయి చెబుతుంది. గత రెండు బ్యాచ్‌లలో ఎంతమంది పాసయ్యారు, ఎంతమందికి రిజిస్ట్రేషన్ నంబరు వచ్చిందో ఆమెనే అడగండి.

డబ్బు మాటకొస్తే, కాలేజీ పేరున రసీదు లేనిదే పైసా ఇవ్వకండి. ట్యూషన్ ఫీజు తక్కువ చెప్పి హాస్టలు, యూనిఫాం, క్లినికల్ ఫీజు, పరీక్ష ఫీజుల పేరిట తర్వాత పిండుకుంటారు. నాలుగేళ్ల మొత్తం ఒకే కాగితం మీద రాయించుకోండి. ఫీజు రీయింబర్స్‌మెంట్ వస్తుందని ఏజెంటు చెబితే సంక్షేమ శాఖ కార్యాలయంలో అడిగి ఖాయం చేసుకోండి. యూనివర్సిటీ అనుబంధ కాలేజీలు విద్యార్థుల ఒరిజినల్స్ దగ్గర పెట్టుకోరాదని యూజీసీ 2018లోనే నోటిఫికేషన్ ఇచ్చింది. చూపించండి, సరిచూసుకోనివ్వండి, వెనక్కి తెచ్చుకోండి. ఆ ఒరిజినల్స్ వాళ్ల బీరువాలో ఉన్నంతకాలం మీకు గొంతెత్తే ధైర్యం ఉండదని వాళ్లకు తెలుసు.

ఇప్పటికే చేరి ఇరుక్కున్నవాళ్లు భయంతో నోరు మూసుకోకండి. ఏ తేదీన ఏ వార్డులో ఏ డ్యూటీ చేశారో, ఎవరు నేర్పారో, అసలు ఎవరూ నేర్పలేదో మీ నోట్‌బుక్‌లో రాసుకోండి. రసీదులు దాచండి. ఒంటరిగా కాకుండా బ్యాచ్ మొత్తం సంతకాలతో కౌన్సిల్ రిజిస్ట్రార్‌కూ, యూనివర్సిటీకీ ఫిర్యాదు పంపండి. చేయని కాన్పులు చేసినట్టు లాగ్ బుక్‌లో రాయమంటే రాయకండి. ఆ పుస్తకం మీద ఉండేది మీ పేరే.

ఇక ప్రభుత్వాల సంగతి. 1947 నాటి చట్టం స్థానంలో 2023లో పార్లమెంటు జాతీయ నర్సింగ్, మిడ్‌వైఫరీ కమిషన్ చట్టం చేసింది. చట్టాలు మారినంత మాత్రాన ఖాళీ మంచాలు నిండవు. రెండు రాష్ట్రాల ఆరోగ్య విశ్వవిద్యాలయాలూ, కౌన్సిళ్లూ కౌన్సెలింగ్ మొదలయ్యేలోగా ప్రతి కాలేజీ పేరు ఎదురుగా నాలుగు వివరాలు ప్రకటించాలి. ఏ ఆసుపత్రి, ఎన్ని పడకలు, రోజుకు సగటున ఎంతమంది ఇన్‌పేషెంట్లు, అధ్యాపకుల పేర్లేమిటి. ఒకే అధ్యాపకురాలి పేరు రెండు కాలేజీల్లో కనిపిస్తే అదే రోజు నోటీసు వెళ్లాలి. ‘హాజరు అక్కర్లేదు’ అని సీట్లు అమ్మే ఏజెంట్ల మీద మోసం కేసులు పెట్టాలి. ఈ వివరాలు ప్రభుత్వం దగ్గర లేవంటే, ఆ కాలేజీలకు అనుమతి దేన్ని చూసి ఇచ్చారో చెప్పాలి.

ప్రభుత్వం కదిలేదాకా ఆగే వ్యవధి ఈ ఏడాది పిల్లలకు లేదు. అడ్వాన్సు గడువు రేపటితో అయిపోతుందని ఏజెంటు తొందరపెడితే, ఆ రేపటిని ఆసుపత్రి చూడటానికే వాడుకోండి. సీటు పోతే పోనివ్వండి. మంచి కాలేజీలో వచ్చే ఏడాది చేరొచ్చు. చెల్లని పట్టా కోసం పోయిన నాలుగేళ్లను ఎవరూ తెచ్చివ్వలేరు.