ముందు నీరు, తరువాత చేప

గడచిన వర్షాకాలంలో ఒక సాయంత్రం మా చిన్నవాడు పంటకాలువలో పదకొండు పరిగె పిల్లలను పట్టి, ఒక సీసాలో వేసి ఇంటికి తెచ్చాడు. వాటిని గాజు జాడీలోకి మార్చి, కుళాయి నీరు నింపి, నాలుగు అన్నం మెతుకులు వేసి, ఇషా నమాజు వేళ వరకు వాటి ముందే కూర్చున్నాడు. ఫజ్ర్‌కు లేచి చూస్తే ఒక్కటీ ప్రాణంతో లేదు. వాటిని పెరటిలో మల్లెపాదులో పూడ్చుతూ వాడు, “మనం తేకపోతే ఇవి బతికే ఉండేవి కదా, అబ్బా?” అని అడిగాడు. కాదనడానికి మాకు మాట దొరకలేదు. ఆ జాడీలో కుళాయి నీరు పోసినది మేమే.

ముద్దుకోసం ప్రాణులను ఇంట పెంచుకోవడానికి ధర్మం అడ్డు చెప్పలేదు. హజ్రత్ అనస్ (రజి) గారి చిన్న తమ్ముడు అబూ ఉమైర్ ఒక చిన్న పిట్టను పెంచుకొనేవాడు. అది చనిపోయి ఆ బాలుడు దిగులుగా ఉన్నప్పుడు దైవప్రవక్త (స) ఆ పిట్ట సంగతి ప్రేమతో అడిగి పలకరించేవారని హదీసు గ్రంథాలు తెలుపుతున్నాయి. పిల్లలు పక్షులను పెంచుకోవచ్చునని ధర్మవేత్తలు దీని ఆధారంగానే చెప్పారు. అయితే దీని పక్కనే మరొక హదీసు ఉన్నది. ఒక స్త్రీ పిల్లిని బంధించింది. తాను తిండి పెట్టలేదు, అది తన తిండి తాను వెదుక్కొనేటట్లు వదలనూ లేదు. ఆ కారణంగా ఆమె నరకానికి పాత్రురాలైనదని బుఖారీ, ముస్లిం గ్రంథాలలో ఉన్నది. ఈ రెండింటినీ కలిపి చదివితే విషయం స్పష్టమవుతుంది. కాలువలో ఉన్నంతవరకు ఆ చేపకు ఆహారాన్నీ నివాసాన్నీ అల్లాహ్ ఏర్పరచాడు. మనం దానిని గాజు గోడల మధ్యకు తెచ్చిన క్షణం నుండి ఆ బాధ్యత మన చేతికి వస్తుంది. అది అమానత్. కాబట్టి చేపను పట్టడానికి ముందే దాని ఇల్లు సిద్ధంగా ఉండాలి.

మా జాడీలో జరిగినదేమిటి? కుళాయి నీటిలో క్రిములను చంపడానికి కలిపే క్లోరిన్ చేపల మొప్పలను కాల్చుతుంది. చేప ఊపిరి తీసేటప్పుడు మొప్పల ద్వారా అమ్మోనియాను కూడ విసర్జిస్తుంది. మిగిలిన మెతుకులు కుళ్ళి దానిని మరింత పెంచుతాయి. చెరువులో ఈ అమ్మోనియాను కంటికి కనిపించని సూక్ష్మజీవులు మొదట నైట్రైట్‌గా, తరువాత నైట్రేట్‌గా మార్చుతాయి. మొదటి రెండూ చేపకు విషాలు. మూడవది మొక్కలకు ఎరువు. కొత్త జాడీలో ఆ సూక్ష్మజీవులు ఉండవు. అందుచేత చేప తాను వదలిన విషంలోనే ఈదవలసి వస్తుంది. నీటి అడుగున ఇంతటి పారిశుద్ధ్య వ్యవస్థను నెలకొల్పిన సృష్టికర్త ఎంత పరిశుద్ధుడు!

ఇక ఏర్పాటు విషయానికి వద్దాం. గుండ్రని గాజు గిన్నెలు వద్దు. వాటిలో గాలి తగిలే ఉపరితలం తక్కువ. రెండు అడుగుల పొడవు, ఒక అడుగు వెడల్పు, ఒక అడుగు ఎత్తు గల తొట్టిలో సుమారు 55 లీటర్ల నీరు పడుతుంది. ఆ నీటి బరువే 55 కిలోలు కాబట్టి గట్టి బల్ల కావాలి. నేరుగా ఎండ పడని చోటును ఎంచుకోవాలి. ఎండ తగిలితే పాచి పెరుగుతుంది, నీరు వేడెక్కుతుంది, వేడి నీటిలో ప్రాణవాయువు తగ్గుతుంది. అడుగున రెండు అంగుళాల మందాన బాగా కడిగిన ఏటి గులకరాళ్ళు పరచాలి. రాయిమీద నిమ్మరసం పిండినప్పుడు నురుగు వస్తే అది సున్నపురాయి, దానిని పక్కన పెట్టాలి. హైడ్రిల్లా, వాలిస్నేరియా వంటి మన చెరువు మొక్కలను శుభ్రంగా కడిగి నాటాలి. కుళాయి నీటిని వెడల్పు పాత్రలో ఒక పగలు, ఒక రాత్రి నిలువ ఉంచి, క్లోరిన్ పోయిన తరువాతనే నింపాలి. చిన్న గాలి పంపుతో నడిచే స్పాంజి ఫిల్టరు చాలు. మన చేపలు మన వాతావరణానికి అలవాటు పడినవి కనుక నీటిని వేడిచేసే పరికరం అవసరం లేదు.

ఆ తరువాత నిరీక్షించాలి. చేపలు లేని ఆ తొట్టిలో రోజూ చిటికెడు మేత వేస్తూ, మూడు నుండి ఆరు వారాలు ఫిల్టరును నడపాలి. మేత కుళ్ళి అమ్మోనియా పుడుతుంది, దానిని తినే సూక్ష్మజీవులు స్పాంజిలోనూ రాళ్ళమీదనూ స్థిరపడతాయి. దోమలు గుడ్లు పెట్టకుండా పైన సన్నని వల కప్పాలి. చేపల దుకాణాలలో నీటిని పరీక్షించే ద్రావకాలు దొరుకుతాయి. వాటితో చూచినప్పుడు అమ్మోనియా, నైట్రైట్ రెండూ లేవని తేలితే ఇల్లు సిద్ధమైనట్లే.

అప్పుడు ఏ చేపలను తేవాలి? గుంపుగా తిరిగే చిన్న పరిగెలు ఆరు లేక ఎనిమిది చాలు. అవి ఒంటరిగా ఉంటే బెదిరిపోతాయి. ఎముకలు సైతం కనిపించేటంత పారదర్శకమైన శరీరం గల చిన్న చేపలు కూడ మన కాలువలలో ఉన్నాయి. నడినెత్తిన వెండి చుక్క మెరుస్తూ నీటి పైపొరలోనే తిరిగే చేప మరొకటి. అది దోమ పిల్లలను ఇష్టంగా తింటుంది, ఎగిరి దూకుతుంది కూడ. కనుక తొట్టికి మూత తప్పనిసరి. కొర్రమీను, మట్టగిడస, జెల్లల పిల్లలు ఎంత ముచ్చటగా ఉన్నా తేరాదు. అవి పెద్దవై తోటి చేపలను మింగుతాయి, తొట్టి వాటికి చెరసాల అవుతుంది.

పట్టడంలోనూ మర్యాద ఉన్నది. ఊరి చెరువులలో చేపల హక్కు సాధారణంగా మత్స్యకారుల సహకార సంఘాలకో, వేలం పాడుకొన్నవారికో ఉంటుంది. నాలుగు పరిగెలే కదా అని అడగకుండా తీసుకోవడం విశ్వాసికి తగదు. కొల్లేరు, పులికాట్ వంటి అభయారణ్యాల జోలికి పోరాదు. పెద్దలు వెంట లేకుండా పిల్లలను నీటి దగ్గరకు పంపరాదు. తొలి వానలకు చేపలు గుడ్లతో ఏటికి ఎదురెక్కుతాయి, ఆ రోజులలో వాటిని వదలివేయాలి. వానలు వెనుదిరిగాక పొలాల పక్కన ఎండిపోతున్న గుంటలలో చిక్కుకొన్న చేపలను తెస్తే, పట్టడం కూడ ఒక విధంగా రక్షించడమే అవుతుంది. ఒక ప్రయాణంలో సహచరులు ఒక పక్షి పిల్లలను పట్టగా తల్లి పక్షి తల్లడిల్లినదనీ, దైవప్రవక్త (స) వాటిని తిరిగి ఇచ్చివేయమన్నారనీ అబూ దావూద్ గ్రంథంలో ఉన్నది. చేపలలోనూ అటువంటి తల్లిదండ్రులున్నాయి. తెలంగాణ రాష్ట్ర చేప అయిన కొర్రమీను, తన ఎర్రని పిల్లల గుంపు వెంట తిరుగుతూ కాపలా కాస్తుంది. అటువంటి గుంపుపై వల వేయరాదు.

చేపలను అదే చోటి నీటితో, వెడల్పయిన మూత గల బకెట్టులో నీడపట్టున తేవాలి. ఇంటికి వచ్చాక తొట్టి నీటిని కొద్దికొద్దిగా ఆ బకెట్టులో కలుపుతూ, గంటసేపు అలవాటు చేసి, వల సాయంతో చేపలను మాత్రమే తొట్టిలోకి మార్చాలి. కాలువ చేపలు మొదటి రోజులలో పొడి మేతను ముట్టకపోవచ్చు. అప్పుడు దోమ పిల్లలను వేస్తే తింటాయి. రోజుకు ఒకసారి, రెండు మూడు నిమిషాలలో తినివేయగలిగినంతే వేయాలి. వారానికి ఒకసారి నాలుగవ వంతు నీటిని మార్చాలి గాని, తొట్టిని ఎన్నడూ పూర్తిగా ఖాళీ చేయరాదు. స్పాంజిని కుళాయి కింద గాక, తొట్టి నుండి తీసిన నీటిలోనే పిండాలి. తీసిన నీరు వృథా కాదు. అందులోని నైట్రేట్ కరివేపాకు చెట్టుకు చక్కని ఎరువు.

చివరిగా ఒక హెచ్చరిక. దుకాణంలో కొన్న చేపలపై విసుగు పుడితే చెరువులో వదలడం పుణ్యమని కొందరు భావిస్తారు. దక్షిణ అమెరికాకు చెందిన, అక్వేరియం గాజు శుభ్రం చేస్తుందని అమ్మే చేప, నేడు మన జలాశయాలలో పెరిగి జాలరుల వలలను చింపుతున్నది. వారు దానిని దెయ్యం చేప అంటున్నారు. ఒక ఇంటివారి దయ అనేక కుటుంబాల జీవనోపాధికి హాని కాకూడదు. దుకాణపు చేపలతో కలిసి ఉన్న మన చేపలను సైతం తిరిగి కాలువలో వదలరాదు, వాటి వెంట రోగాలు పోతాయి.

మా తొట్టిలో నీరు నింపి నేటికి ఇరవై మూడు రోజులు. అందులో ఇంకా ఒక్క చేప లేదు. మా చిన్నవాడు ప్రతిరోజూ అస్ర్ నమాజు తరువాత చిటికెడు మేత వేసి, ఆకులను లెక్కపెట్టి వస్తాడు. మొదటి వారమంతా “చేపలు ఎప్పుడు తెద్దాం?” అని అడిగేవాడు. ఇప్పుడు “నీరు సిద్ధమైనదా?” అని అడుగుతున్నాడు. మన చేతి కింద ఉన్న ప్రతి ప్రాణి హక్కును నెరవేర్చే సద్బుద్ధిని అల్లాహ్ మనకూ మన సంతానానికీ ప్రసాదించుగాక. ఆమీన్.