విద్యుత్ స్కూటరు సంఘములు - గ్రామములయెడ వాని ధర్మము

పాలకేంద్రమునకు పోవుటకును, ఎరువుల నిమిత్తము మండల కేంద్రమునకు పోయి వచ్చుటకును విద్యుత్ స్కూటరులను వాడు రైతులు ఇటీవల మన గ్రామములలో కానవచ్చుచున్నారు. పెట్రోలు వెల లీటరునకు నూరు రూపాయలు దాటియుండగా ఈ బండిపై మనసు పోవుట సహజమే. మూడు యూనిట్ల కరెంటు పట్టు బ్యాటరీ గల బండి, దారిని బట్టియు బరువును బట్టియు, డెబ్బది మొదలు నూరు కిలోమీటర్ల వరకు నడచును. యూనిటు ఆరు రూపాయలనుకొన్నను దాని ఖర్చు ఇంచుమించు ఇరువది రూపాయలు మాత్రమే. లాభము ఇట్లు స్పష్టముగా నున్నది. అయితే బండితో పాటు రావలసిన తెలివిడి మాత్రము పల్లెకు వచ్చుట లేదు.

ఆ తెలివిడి లేకపోలేదు. బెంగుళూరు, హైదరాబాదు, చెన్నై మొదలగు నగరములలో ఈ బండ్ల యజమానులు తమంత తాము సంఘములుగా కూడియున్నారు. ఒకరి బండికి వచ్చిన లోపమును పదిమందికి తెలుపుకొందురు. చార్జింగు ఎచ్చట దొరకునో, ఏ మరమ్మతునకెంత యగునో చెప్పుకొందురు. తయారీదారులు పట్టించుకొనని యెడల ఒక్కమాటగా అడుగుదురు. సెలవు దినములలో కలిసి ప్రయాణము చేసి క్రొత్తవారికి బండిని చూపుదురు. ఇది సహకారము కాదని యెవరనగలరు? కాని వారి మాటలు చాలవరకు ఇంగ్లీషునందే సాగును. వారి సమావేశములు నగరము దాటి వచ్చుట అరుదు. నూతిలోని నీరు నూతిలోనే నిలిచిన చేనికేమి లాభము?

ఇది సౌకర్యమునకు మాత్రమే సంబంధించిన విషయము కాదు, ప్రాణములకు సంబంధించినది. 2022 ఏప్రిలులో నిజామాబాదున ఒక యింటిలో రాత్రివేళ చార్జింగునకు పెట్టిన బ్యాటరీ పేలి వృద్ధుడొకడు మరణించెను. అదే నెలలో విజయవాడయందును ఇట్టి ప్రమాదమే జరిగి ఆ యింటివారొకరు ప్రాణములు గోల్పోయిరి. ఆ సంవత్సరమే సెప్టెంబరు 12వ తేదీని సికిందరాబాదున విద్యుత్ స్కూటరుల దుకాణము గల భవనమున నిప్పంటుకొని, పొగ పైనున్న లాడ్జికి వ్యాపింపగా ఎనమండుగురు మృతి చెందిరి. పిమ్మట కేంద్ర ప్రభుత్వము బ్యాటరీల పరీక్షా నిబంధనలను 2022 డిసెంబరు 1 నుండి ఒక విడతగాను, 2023 మార్చి 31 నుండి మరియొక విడతగాను కఠినము చేసెను. మంచిదే. కాని ఆ నిబంధనలు క్రొత్తగా తయారగు బండిని కట్టడి చేయగలవే గాని, అంతకుముందు తయారై చేతులు మారి పల్లెకు వచ్చిన పాతబండిని చక్కదిద్దలేవు. ఇంటి అలవాట్లను మార్చలేవు.

నగర సంఘములలో చిన్నవారికి సైతము తెలిసిన జాగ్రత్తలు ఇవి. దూరము నడచి వచ్చిన బండిని చల్లారిన పిమ్మటనే చార్జి చేయవలయును. బండితో ఇచ్చిన చార్జరునే వాడవలయును. ప్లగ్గునకు సరియైన ఎర్తు ఉండవలయును. పడకగదిలో గాని, గుమ్మమున కడ్డముగా గాని, రాత్రియంతయు కాపలా లేకుండ గాని బ్యాటరీని చార్జింగునకు పెట్టరాదు. నీట మునిగిన బ్యాటరీని, సొట్టపడిన బ్యాటరీని మెకానిక్కునకు చూపక ముట్టరాదు. పొగ వెలువడిన యెడల బండిని కాపాడబోక, ఇంటివారితో దూరముగా తొలగి 101కు ఫోను చేయవలయును. మన పల్లెలకు మరియొకటి చేర్చవలసియున్నది: గడ్డివామి ప్రక్కను, పత్తి నిలువ చేసిన గదిలోను చార్జింగు పెట్టుట నిప్పుతో చెలగాటమాడుటయే.

కావున ఆ సంఘముల వారికి మా మనవి యిది. సంతనాడు మా యూళ్లకు రండు. తెలుగున చెప్పుడు. బండి గుణములనే గాక దోషములను గూడ చెప్పుడు. బండి వెలలో పెద్దభాగము బ్యాటరీదేననియు, హామీ ఎన్ని సంవత్సరములకో ఎన్ని కిలోమీటర్లకో చదివి కొనవలయుననియు వివరింపుడు. అమ్మువారి ఏజెంట్లవలె వచ్చిన వారిని మా రైతు నమ్మడు. తోటి వాడుకదారులుగా వచ్చిన వారిని నమ్మును. మా మెకానిక్కులకు మీ యనుభవమును పంచుడు. మీ బండ్లకు చప్పుడు లేదు గనుక వీథిలో వృద్ధులను, పశువులను గమనించి మెల్లగా నడుపుడు.

మన వంతు పని కూడ కలదు. సంఘ కార్యాలయపు ఆవరణలో ఎర్తు గల ప్లగ్గులతో, గిడ్డంగికి ఎడముగా, రేకుల నీడ వేసి మీటరు పెట్టి చార్జింగునకు చోటు కల్పింపవచ్చును. ఇది మనకు మించిన పని యనువారు సిరిసిల్లను తలచుకొనవలయును. 1970లో అచ్చట సహకార విద్యుత్ సరఫరా సంఘమేర్పడి పల్లెలకు కరెంటునే అందించినది. మనకు కావలసినది నాలుగు ప్లగ్గులు మాత్రమే.

ఇది కంపెనీల పని, మనకేల యని కొందరందురు. కంపెనీ తన బాధ్యతను తప్పక నెరవేర్చవలసినదే. అందుకై అడుగుటకు గూడ పదిమంది కూడవలయును. ఒంటరి రైతు ఫిర్యాదును వినువారెవరు? మఱికొందరు ఇది పట్టణపువారి వేడుక యందురు. వేడుకయైన నాడు అట్లే యనుకొనవచ్చును. నేడు బండి మన గుమ్మములోనే యున్నది.

1995లో అంతర్జాతీయ సహకార సమాఖ్య ప్రకటించిన ఏడు సూత్రములలో అయిదవది విద్య, శిక్షణ, సమాచారము. ఏడవది సమాజముపట్ల శ్రద్ధ. తమవారికి మాత్రమే మేలు చేసికొనుట సంఘము పనిలో సగమే. తక్కిన సగమును నగర సంఘములు మన పల్లెలలో నెరవేర్చుగాక. వారిని పిలుచుటకు మన పాలకవర్గములు వచ్చు సమావేశముననే తీర్మానము చేయుగాక.