చిన్నాన్న తాడేసిన పసుపు డబ్బా

పోయిన ఎండాకాలం సెలవుల్లో ఇంటికెళ్తే మా చిన్నాన్న తీరిగ్గా దొరికాడు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా తూర్పు తీరంలో చేపల వేట నిషేధం కదా. ఆ 61 రోజులూ ఆయన అరుగు మీద కూర్చుని వల బాగుచేసుకుంటాడు. మాది శ్రీకాకుళం జిల్లాలో సముద్రం ఒడ్డున చిన్న ఊరు. చిన్నాన్న విశాఖ హార్బర్‌లో ఒక మరబోటు మీద కళాసీ.

నేనేమో ఈసీఈ మూడో సంవత్సరం. మినీ ప్రాజెక్టు కోసం సముద్రంలో పెట్టే సెన్సర్ల గురించి చదువుతున్నా. ఫోన్లో ఒక డేటా బోయ్ ఫొటో చూపించి, ఇదేంటో తెలుసా అని అడిగాను.

"తెలవకపోడమేట్రా? పసుపు డబ్బా. దాని కింద సేపలు బాగా ఉంటాయి. తాడేసి రాత్రంతా దాని కాడే ఉండిపోయేవోళ్లం. ఓపాలి తాడు లాగుడుకి దాని మీదున్న కర్రొకటి ఇరిగిపోయింది" అని నవ్వాడు.

అది కర్ర కాదు, యాంటెన్నా. నాకు నవ్వు రాలేదు.

ఎందుకో చెప్తాను. 2004 డిసెంబర్ 26 ఉదయం ఆరున్నరకి సుమత్రా దగ్గర భూకంపం వచ్చింది. ఆ అల మన తీరాన్ని తాకింది దాదాపు తొమ్మిది గంటలకి. మధ్యలో రెండున్నర గంటలు! మన రాష్ట్రంలోనే వందమందికి పైగా చనిపోయారు. అల వస్తోందని ఒడ్డున ఉన్నవాళ్లకి ఎవరూ చెప్పలేదు. చెప్పే ఏర్పాటే అప్పుడు హిందూ మహాసముద్రంలో లేదు.

తర్వాత 2007 అక్టోబర్‌లో హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్‌లో సునామీ హెచ్చరిక కేంద్రం మొదలైంది. సముద్రమే లేని ఊళ్లో సముద్రాన్ని కనిపెట్టి చూసే ఆఫీసు అన్నమాట. దానికి కళ్లూ చెవులూ సముద్రంలో ఉన్నాయి. అడుగున ఒక ప్రెషర్ సెన్సర్, పైన తేలుతూ ఒక బోయ్. ఈ బోయ్‌లని నడిపేది ముఖ్యంగా చెన్నైలోని నియోట్.

అందులో ఉన్న ఇంజనీరింగ్ ఒకసారి చూడండి. నడిసముద్రంలో సునామీ అంటే సినిమాలో చూపించే గోడలాంటి అల కాదు. 2004లో అల బంగాళాఖాతం మీదుగా వెళ్తున్నప్పుడు జేసన్-1 ఉపగ్రహం కొలిస్తే ఎత్తు సుమారు 60 సెంటీమీటర్లు. మామూలు అలల మధ్య పడవలో ఉన్నవాడికి అది తెలియను కూడా తెలియదు. కానీ నాలుగు కిలోమీటర్ల లోతున్న చోట దాని వేగం గంటకి 700 కిలోమీటర్ల పైమాటే. లోతుని గురుత్వ త్వరణంతో గుణించి వర్గమూలం తీయండి, మీకే వస్తుంది. అడుగున ఉన్న సెన్సర్ నీటిమట్టంలో ఒక్క సెంటీమీటర్ తేడాని కూడా పట్టాలి. నాలుగు కిలోమీటర్ల నీళ్ల బరువు మోస్తూ నాలుగు లక్షల్లో ఒక వంతు తేడాని గుర్తించడం అంటే మాటలు కాదు.

సరే, గుర్తించింది. పైకి ఎలా చెప్పాలి? ఉప్పునీళ్లలో మన వైఫై కొన్ని సెంటీమీటర్లు కూడా పోదు. అందుకే శబ్దంతో చెప్తుంది. నీళ్లలో శబ్దం సెకనుకి సుమారు 1,500 మీటర్లు వెళ్తుంది కాబట్టి, కబురు పైకి రావడానికి రెండున్నర సెకన్ల పైనే పడుతుంది. పైన ఉన్న బోయ్ దాన్ని అందుకుని ఉపగ్రహానికి పంపుతుంది. ఉపగ్రహం నుంచి హైదరాబాద్‌కి. ఇంత దూరం వచ్చిన కబురు కూడా ఆ బోయ్ మీది యాంటెన్నా విరిగిపోతే అక్కడే ఆగిపోతుంది.

చిన్నాన్న తాడేసింది సునామీ బోయ్‌కో, గాలీ వేడీ కొలిచే వాతావరణ బోయ్‌కో నాకు తెలీదు. తుఫాను అంచనాలకి రెండోదీ అంతే ముఖ్యం. ఈ లెక్కలన్నీ ఆవేశంగా చెప్పాను. ఆయన సూది ఆపి విని, "ఇదంతా మాకెవుడైనా సెప్పేడేట్రా? పాసి పట్టిపోయిన డబ్బా మీద రాసింది ఎవుడు సదువుతాడు?" అన్నాడు. తర్వాత మెల్లగా, "సునామీ రోజు మీ తాత సముద్రం మీదే ఉన్నాడు. మధ్యానానికి గానీ రాలేదు" అన్నాడు. నాకు మాట రాలేదు.

ఇప్పుడు నా అభిప్రాయం సూటిగా చెప్తాను. మనం సముద్ర సాంకేతికత అనగానే 'మత్స్య 6000' గురించే మాట్లాడుకుంటాం. ముగ్గురిని ఆరు వేల మీటర్ల లోతుకి తీసుకెళ్లేలా తయారవుతున్న వాహనం. గొప్ప పనే, నా రూమ్‌లో దాని పోస్టర్ కూడా ఉంది. కానీ దిగి రావడం ఒక కష్టమైతే, అక్కడే ఏళ్ల తరబడి ఉండటం ఇంకో కష్టం. ఉప్పు తినేస్తుంది, నత్తగుల్లలు పట్టేస్తాయి, బ్యాటరీ అయిపోతుంది. వీటన్నిటికీ మన సిలబస్‌లో ఏదో ఒక చాప్టర్ ఉంది. పడవ తాడుకి మాత్రం లేదు.

చిన్నాన్న చేసింది దొంగతనం కాదు. తేలే వస్తువు కింద నీడ, దానికి పట్టిన నాచు, దానికోసం చిన్న చేపలు, వాటికోసం పెద్ద చేపలు. ఇది ఆయన సైన్స్, పైగా కరెక్ట్ సైన్స్. దాన్ని లెక్కలోకి తీసుకోని డిజైన్ సగం డిజైనే అంటాను. ఇన్‌కాయిస్ చేపలు దొరికే చోట్లు చెప్పే సూచనలు ఇస్తుంది, మా వాళ్లు వాటిని నమ్ముతారు. బోయ్‌ల గురించి మత్స్యకారులకి అవగాహన కల్పించే పని కూడా జరుగుతోంది. అది అందరి దాకా రాలేదని మా ఇంటి అరుగు మీదే తేలింది.

"కోర్‌లో జాబ్స్ ఎక్కడున్నాయి రా?" అని మీరు అడుగుతారు. నిజమే, తక్కువే. నేనూ ప్లేస్‌మెంట్స్‌కి కూర్చుంటాను, హాస్టల్ ఫీజు బాకీ నాకూ ఉంది. అందరూ సముద్రంలోకి దూకండి అనట్లేదు. రెండే అడుగుతున్నా.

ఒకటి: ఫైనల్ ఇయర్ ప్రాజెక్టుల్లో నీళ్ల సెన్సర్ ఏదైనా చేస్తే బకెట్‌లో డెమో చూపించి మార్కులు వేయించుకోకండి. నెల రోజులు ఉప్పునీళ్లలో ఉంచి అప్పుడు చూపించండి. నేను మొదటిసారి ఉంచితే నాది నాలుగో రోజుకే పోయింది. కనెక్టర్‌లో తుప్పు. నాలుగు సెమిస్టర్లలో నేర్చుకోనిది ఆ నాలుగు రోజుల్లో నేర్చుకున్నా.

రెండు: మన క్లబ్బుకి. మనం తెలుగులో కవితలు రాస్తాం, బాగానే రాస్తాం. ఆ పసుపు డబ్బా ఏంటో, దానికి తాడేస్తే ఏమవుతుందో చిన్నాన్న చదువుకునేలా ఒక్క పేజీ తెలుగు రాయగలమా? నేను రాసిన మొదటి డ్రాఫ్ట్ ఆయనకి చదివి వినిపిస్తే, "ఇది మీ మాస్టార్లకి రాసేవేట్రా" అన్నాడు. రెండోది రాస్తున్నా. బొమ్మలు వేయగలిగినవాళ్లు, మా వైపు యాస తెలిసినవాళ్లు ఎవరైనా కలిస్తే మంచిది. వచ్చే ఏప్రిల్ 15కి బోట్లన్నీ మళ్లీ ఒడ్డుకొస్తాయి, అందరూ ఊళ్లోనే ఉంటారు. ఆలోపు ఆ పేజీ పూర్తవ్వాలి.